డబ్బున్న కారే గెలిచే పందేన్ని క్రీడ అనవచ్చా?

కొల్లేటికొంగ
2023లో ఫార్ములా వన్ రేసులు 22 జరిగితే 21 రెడ్‌బుల్ జట్టే గెలుచుకుంది. మిగిలిన ఆ ఒక్కటి సింగపూర్‌లో ఫెరారీకి దక్కింది. అంతకు ముందు 2014 నుంచి 2021 దాకా వరుసగా ఎనిమిదేళ్లు, జట్లకు ఇచ్చే కన్‌స్ట్రక్టర్స్ టైటిల్ మెర్సిడెస్ గడప దాటలేదు. పరుగు పందెంలో అందరూ ఒకే గీత దగ్గర నిలబడి మొదలుపెడతారు. ఇక్కడ మాత్రం ఒకరి కారు మరొకరి కారు కంటే ల్యాప్‌కు, అంటే ట్రాక్ ఒక చుట్టుకు, ఒక సెకను వేగంగా ఫ్యాక్టరీలోనే తయారై వస్తుంది. ఆ సెకనును సంపాదించింది డ్రైవరు కాదు, అతని జట్టు దగ్గరున్న డబ్బు. దీన్ని వినోదం అనండి, ఇంజినీరింగ్ ప్రదర్శన అనండి, నాకు అభ్యంతరం లేదు. క్రీడ అని ఏ లెక్కన అంటున్నారో, రేసులను శ్రద్ధగా చూసేవాళ్లు ఎవరైనా చెప్పగలరా?

మూడోగేరు
ఈ మాట మీకంటే ముందే ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం అనేసింది. గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ సర్క్యూట్‌లో 2011, 2012, 2013లో ఇండియన్ గ్రాండ్ ప్రి జరిగినప్పుడు, అది క్రీడ కాదు వినోదమే అంటూ వినోదపు పన్ను వేసింది. పన్నుల తగాదాల నడుమ ఆ రేసు మూడేళ్లతోనే ఆగిపోయింది. (ఆ మూడూ రెడ్‌బుల్ కారులో వెటెలే గెలిచాడనుకోండి, అది మీ వాదనకే పనికొస్తుంది.) ఇటు చూస్తే, ఫార్ములా వన్ డ్రైవరు నరైన్ కార్తికేయన్‌కు 2010లో పద్మశ్రీ, ర్యాలీ డ్రైవరు గౌరవ్ గిల్‌కు 2019లో అర్జున అవార్డు ఇచ్చింది కూడా మన దేశంలోని ప్రభుత్వమే. పన్ను వేసేటప్పుడు వినోదం, అవార్డు ఇచ్చేటప్పుడు క్రీడ.

గోంగూరపచ్చడి
ఆ అవార్డు కూడా రథం ఎక్కి కూర్చున్నవాడి పేరు మీదే ఉంది, పగ్గాలు పట్టినవాడి పేరు మీద లేదు. డ్రైవర్లకు అన్యాయం ద్వాపర యుగం నుంచే ఉన్నట్టుంది.

లెక్కలపంతులు
కొల్లేటికొంగ గారు చెప్పిన అదే 2023లో, అదే రెడ్‌బుల్ కారులో వెర్‌స్టాపెన్‌కు 575 పాయింట్లు, పెరెజ్‌కు 285 పాయింట్లు వచ్చాయి. గెలిచిన 21 రేసుల్లో 19 ఒకరివి, 2 మరొకరివి. ఫ్యాక్టరీ ఒకటే, డబ్బు ఒకటే, టైర్లు ఒకటే. మిగిలిన ఆ 290 పాయింట్ల తేడాను ఏ ఖాతాలో రాయమంటారు?

కొల్లేటికొంగ
డ్రైవరు ఖాతాలోనే రాయండి, నేను కాదనను. కాని ఆ పోలిక ఒకే జట్టులోని ఇద్దరి మధ్య మాత్రమే చెల్లుతుంది. ఆ ఏడాది ఇరవై మంది బరిలో ఉంటే మీరు నాకు చూపిస్తున్నది పది వేర్వేరు జోడీల పోటీలు. చివరి జట్టులో తన జోడీదారును ఏడాదంతా ఓడించినవాడు, మొదటి జట్టులో ఓడిపోయినవాడి కంటే ఎన్నో స్థానాలు వెనక ఉంటాడు. టైటిల్ మాత్రం అందరికీ కలిపి ఒక్కటే ఇస్తున్నారు. నా గొడవంతా ఆ ఒక్క టైటిల్ గురించే.

భీమిలితీరం
దీనికి జార్జ్ రసెల్ కంటే మంచి ఉదాహరణ దొరకదు, కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను. అందరికీ ఒకే రకం కారు ఉండే ఫార్ములా 2లో అతను 2018 ఛాంపియన్. అప్పుడు నోరిస్ రెండో స్థానంలో ఉన్నాడు. 2019లో విలియమ్స్ జట్టులో చేరాడు. ఆ ఏడాది బార్సిలోనాలో సీజన్‌కు ముందు జరిగే పరీక్షలకు ఆ జట్టు కారు సమయానికి తయారు కాలేదు. మిగతావాళ్లు ల్యాపుల మీద ల్యాపులు కొడుతుంటే వీళ్ల గ్యారేజీ రెండు రోజులకు పైగా ఖాళీగా ఉంది. మొత్తం సీజన్‌లో జట్టుకు వచ్చింది ఒకే ఒక్క పాయింటు, అదీ సహచరుడు కుబిత్సాకు. 21 రేసులకు 21 సార్లూ, రేసులో ఎవరు ఏ వరసలో మొదలుపెట్టాలో తేల్చే క్వాలిఫైయింగ్‌లో కుబిత్సా కంటే రసెలే ముందున్నాడు, అయినా పట్టికలో అతని పేరు పక్కన సున్నా.

2020 డిసెంబరులో తమ డ్రైవరు హామిల్టన్‌కు కోవిడ్ సోకడంతో బహ్రెయిన్‌లో సాఖిర్ గ్రాండ్ ప్రికి మెర్సిడెస్ ఇతన్ని అరువు తెచ్చుకుంది. మనిషి పొడవు కావడంతో ఆ కాక్‌పిట్‌లో పాదాలు పట్టక, తన కొలత కంటే ఒక సైజు చిన్న బూట్లు తొడుక్కుని నడిపాడు. క్వాలిఫైయింగ్‌లో ఆ జట్టు రెండో డ్రైవరు బొటాస్ కంటే 0.026 సెకన్ల వెనక, రెండో స్థానం. రేసు మొదలవగానే ముందుకు వెళ్లి చాలాసేపు ఆధిక్యంలో ఉన్నాడు. ఆ తరువాత టైర్లు మార్చుకునే పిట్‌లో జట్టువాళ్లు బొటాస్ కోసం ఉంచిన ముందు టైర్లు ఇతని కారుకు బిగించారు. అది సరిచేసుకుని మళ్లీ దూసుకొస్తుంటే టైరు పంక్చరైంది. చివరికి తొమ్మిదో స్థానం. ప్రతిభ ఉన్నవాడికి కారు దొరికితే ఏమవుతుందో ఆ ఒక్క వారాంతంలో తేలిపోయింది.

గుణదలగాలి
భీమిలితీరం గారూ, మీరు రసెల్ తరఫున వాదించబోయి కొల్లేటికొంగ గారి కేసు గెలిపించారు. అంతకు ముందు వారం విలియమ్స్‌లో వెనక వరసల్లో తిరిగినవాడు, మనిషి మారకుండా, కారు మారగానే రేసును నడిపించే స్థితికి వచ్చాడు. ఇక మనిషి వాటా ఎంతని లెక్కవేయాలి?

పాతఅంబాసిడర్
వాన పడినప్పుడు లెక్కవేయండి. 1984లో మొనాకోలో కుండపోత వాన కురుస్తుంటే, టోల్‌మన్ అనే చిన్న జట్టు కారుతో కుర్ర సెన్నా రెండో స్థానానికి వచ్చి, ముందున్న ప్రాస్ట్‌ను ల్యాప్ ల్యాప్‌కూ అందుకుంటూ ఉండగా రేసు ఆపేశారు. 2008లో మోన్జాలో, అదీ వానలోనే, ఒకప్పటి మినార్డీ జట్టే పేరు మార్చుకున్న టోరో రోసో కారుతో వెటెల్ క్వాలిఫైయింగ్‌లో మొదటి స్థానం (పోల్) సాధించి రేసు కూడా గెలిచాడు. పట్టు లేని తారు మీద గుర్రపు శక్తి వృథా అవుతుంది, పెడల్ మీద పాదం సున్నితంగా ఉన్నవాడు ముందుకొస్తాడు. వాన పడితే డబ్బు తడిసిపోతుంది.

గోంగూరపచ్చడి
అయితే రేసులన్నీ ఆషాఢంలో కోనసీమలో పెట్టించండి, సమస్య తీరిపోతుంది.

నరైన్‌అభిమాని
వాన దాకా ఎందుకు, మన నరైన్ కార్తికేయన్ జీవితమే ఈ ప్రశ్నకు రెండు వైపులా సాక్ష్యం చెబుతుంది. 2005లో జోర్డాన్ జట్టుతో ఫార్ములా వన్‌లో అడుగుపెట్టిన తొలి భారతీయుడు అతను. ఆ ఏడాది ఇండియానాపొలిస్‌లో నాలుగో స్థానం, ఐదు పాయింట్లు వచ్చాయి. మిషెలిన్ టైర్లు వాడే జట్లన్నీ భద్రత కారణంగా, రేసు మొదలయ్యే ముందు వేసే ఫార్మేషన్ ల్యాప్ తరువాత తప్పుకోవడంతో ఆ రోజు రేసులో మిగిలింది ఆరే కార్లు. అంటే టైరు ఏ కంపెనీది అన్నదే అతనికి పాయింట్లు తెచ్చిపెట్టింది.

తరువాత దేశాల పేరిట జరిగిన ఎ1 గ్రాండ్ ప్రిలో అన్ని దేశాలకూ ఒకే లోలా కారు, ఒకే జైటెక్ ఇంజిన్ ఇచ్చారు. అక్కడ 2007లో చైనాలోని జుహాయ్‌లోనూ, 2008లో ఇంగ్లండ్‌లోని బ్రాండ్స్ హ్యాచ్‌లోనూ నరైన్ గెలిచాడు. మళ్లీ ఫార్ములా వన్‌కు వెళ్లి హెచ్‌ఆర్‌టీ జట్టులో చేరితే, 2011లోనూ 2012లోనూ మెల్‌బోర్న్‌లో ఆ జట్టు కార్లు రెండూ 107 శాతం నిబంధన దాటలేక రేసు మొదలుకాక ముందే ఇంటికి వెళ్లాయి. ఆ నిబంధన ఏమిటంటే, క్వాలిఫైయింగ్ తొలి దశలో అత్యంత వేగంగా వచ్చినవాడి సమయానికి ఏడు శాతం లోపు రాకపోతే రేసులో చోటు ఉండదు. సమాన కారు ఇస్తే విజేత, పేద కారు ఇస్తే గేటు బయట. ఆ జట్టు 2012 ముగిసేసరికి మూతపడింది. ఇంత చూశాక కూడా నాకు అది క్రీడగానే కనిపిస్తుంది, కాని నిష్పాక్షికమైన క్రీడ అని మాత్రం నోరు రాదు.

లెక్కలపంతులు
ఆ పక్షపాతాన్ని తగ్గించడానికి నిబంధనలు వచ్చాయి, వాటిని ఎవరూ ప్రస్తావించడం లేదు. 2021 నుంచి జట్ల ఖర్చుకు పరిమితి పెట్టారు: మొదటి ఏడాది 14.5 కోట్ల డాలర్లు, తరువాత 14, ఆ తరువాత 13.5 కోట్లు, ద్రవ్యోల్బణానికీ రేసుల సంఖ్యకూ తగిన సర్దుబాట్లతో. కారు మీద గాలి ఎలా పారుతుందో పరీక్షించే విండ్ టన్నెల్ వాడకానికీ తలకిందుల వరస పెట్టారు. నిర్ణీత కోటాలో ఛాంపియన్ జట్టుకు 70 శాతం, పదో స్థానంలో ఉన్న జట్టుకు 115 శాతం. ఫలితం కూడా కనిపించింది. 2023 ఆరంభంలో తోక భాగంలో కొట్టుమిట్టాడిన మెక్‌లారెన్, ఇంజిన్‌ను మెర్సిడెస్ దగ్గర కొనుక్కునే జట్టయి ఉండి కూడా, 2024లో కన్‌స్ట్రక్టర్స్ టైటిల్ గెలిచింది. వాళ్లకు ఆ టైటిల్ రావడం 1998 తరువాత అదే మొదటిసారి.

గుణదలగాలి
ఆ పరిమితిలోకి డ్రైవర్ల జీతాలు రావు, అందరికంటే ఎక్కువ జీతం తీసుకునే ముగ్గురు అధికారుల జీతాలు రావు, ప్రచార ఖర్చు రాదు. పరిమితి పెట్టిన మొదటి ఏడాదే రెడ్‌బుల్ దాన్ని దాటింది. శిక్షగా 70 లక్షల డాలర్ల జరిమానా, విండ్ టన్నెల్ కోటాలో పది శాతం కోత. ఆ ఏడాది వాళ్ల వెర్‌స్టాపెన్ గెలిచిన డ్రైవర్ల టైటిల్ ఎక్కడికీ పోలేదు. పైగా దశాబ్దాల తరబడి కట్టుకున్న ఫ్యాక్టరీలు, పరికరాలు, అనుభవం గలిగిన మనుషులు నిబంధన వచ్చిన రోజు మాయమైపోరు కదా. ముందే మేడ కట్టుకున్నవాడికీ గుడిసెలో ఉన్నవాడికీ ఇక నుంచి ఒకే ఇటుకల కోటా అంటే సమానత్వం ఎలా అవుతుంది?

మూడోగేరు
జరిమానా సంగతి వింటే మన హైదరాబాదులో పెండింగ్ చలాన్లకు రాయితీ ప్రకటించిన రోజులు గుర్తొచ్చాయి. అతివేగానికి అక్కడా ఇక్కడా కట్టేసి పోవడమే.

పాతఅంబాసిడర్
డబ్బు లేని జట్టు గెలిచిన సందర్భమూ ఉంది. 2008 డిసెంబరులో హోండా తప్పుకుంటే, ఆ జట్టు అధిపతి రాస్ బ్రాన్ దాన్ని ఒక్క పౌండుకు కొని, మరుసటి ఏడాది మొదటి ఏడు రేసుల్లో ఆరు డ్రైవరు జెన్సన్ బటన్ చేత గెలిపించి, రెండు టైటిళ్లూ పట్టుకుపోయాడు.

గుణదలగాలి
ఒక్క పౌండు అనేది రిజిస్ట్రేషన్ కాగితం మీద రాసిన ధర. ఆ కారు రూపకల్పన మీద 2008 పొడవునా ఖర్చు పెట్టింది హోండా. పేదవాడు గెలిచాడని మనం చప్పట్లు కొట్టిన ఆ కారు, నిజానికి ధనవంతుడు వదిలేసి వెళ్లిన ఆస్తి.

ఒంగోలుగిత్త
మా వైపు బండలాగుడు పందేలు చూసినవాళ్లకు ఈ చర్చ కొత్తగా ఏమీ అనిపించదు. రెండు పళ్ల ఎడ్లకు ఒక విభాగం, నాలుగు పళ్లకు ఒకటి, ఆరు పళ్లకు ఒకటి, సీనియర్లకు వేరే. నిర్ణీత సమయంలో బండను ఎన్ని అడుగులు లాగాయన్నదే లెక్క. వయసును పళ్లతో సమానం చేస్తారు కాని, దాణాను ఎవరూ సమానం చేయరు. ఏడాది పొడవునా జతను మేపగలిగిన ఆసామి ఎడ్లే ముందుంటాయి, దానికి ఎవరూ అభ్యంతరం చెప్పరు. ఎందుకంటే మైకులో ఫలానా ఊరి ఫలానా వారి ఎడ్లు అని పిలుస్తారు, తోలినవాడి పేరు పిలవరు. పోటీ ఎవరి మధ్యో జనానికి ముందే తెలుసు.

ఫార్ములా వన్‌లోనూ అదే జరుగుతోంది. డ్రైవర్ల టైటిల్ 1950 నుంచి ఉంది, కన్‌స్ట్రక్టర్స్ టైటిల్ 1958లో వచ్చింది. బహుమతి సొమ్ము పంచేది మాత్రం రెండో పట్టికను చూసి. ఆసామి పోటీని చూస్తూ తోలేవాడి పోటీ అనుకోవడం వల్ల మనకు అన్యాయం కనిపిస్తోంది. వందల మంది ఇంజినీర్లు ఒకే నిబంధనల పుస్తకం ముందేసుకుని, ఎవరు మంచి కారు చేస్తారో తేల్చుకునే పోటీ అది. అందులో అసమానత ఉండటం దోషం కాదు, ఆ అసమానతను తయారు చేయడమే ఆట.

కొల్లేటికొంగ
ఒంగోలుగిత్త గారి మాట నాకు నచ్చింది, అందుకే దాన్ని చివరిదాకా లాగుతాను. అది ఆసాముల పోటీ అయితే డ్రైవర్ల టైటిల్ తీసేయండి. పోడియం ఎక్కించేది తోలేవాడిని, గోడల మీద బొమ్మ వేసేది తోలేవాడిది, చరిత్రలో అందరికంటే గొప్ప ఎవరని తగాదాలు పడేది తోలేవాళ్ల గురించి. బహుమతి సొమ్ములో కూడా ఫలితాలతో నిమిత్తం లేకుండా ఫెరారీకి చరిత్ర పేరిట అదనపు వాటా ఉంది. మీ ఊళ్లో పాత ఆసామికి ఓడినా అదనంగా ఇస్తారా?

ఒంగోలుగిత్త
ఇవ్వరు. అలా ఇస్తే ఆ రాత్రి పందెం రాటి దగ్గర మరో పందెం జరుగుతుంది.

షటిల్‌కాక్
బయటి క్రీడలన్నీ సమానంగా ఉన్నాయన్న భ్రమలో ఈ చర్చ నడుస్తోంది. నేను హైదరాబాదులో బ్యాడ్మింటన్ శిక్షణ ఇస్తాను. ఈకల షటిల్ ఒకటి గట్టి ర్యాలీలు పడితే ఒక్క గేమ్ కూడా నిలవదు. రోజూ కొత్త డబ్బాలు విప్పగలిగే పిల్లవాడూ, ఈకలు రాలిన షటిల్‌తో సాధన చేసే పిల్లవాడూ టోర్నమెంటులో ఒకే నెట్‌కు అటూ ఇటూ నిలబడతారు. అప్పుడు చూసేవాళ్లకు పోటీ సమానంగానే కనిపిస్తుంది. ఈతలో 2009లో రోమ్ ప్రపంచ పోటీల్లో పాలీయురేథేన్ సూట్ల పుణ్యమా అని 43 ప్రపంచ రికార్డులు బద్దలయ్యాయి. 2010 నుంచి ఆ సూట్లను నిషేధించారు. ఈత అప్పుడు క్రీడ కాకుండా పోయి, నిషేధం తరువాత మళ్లీ క్రీడ అయిందా?

గుణదలగాలి
నిషేధించారు అన్నది మీరే రాశారు. సూటే గెలుస్తోందని తెలిసి ఈతవాళ్లు దాన్ని తీసేశారు. రేసింగ్‌లో ఆ సూటునే పూజిస్తారు.

నెల్లూరుచేప
అసలు కూర్చుని స్టీరింగు తిప్పేదాన్ని క్రీడ అనడమే నాకు వింతగా ఉంది. మా ఆర్టీసీ డ్రైవర్లు శ్రీశైలం ఘాట్‌లో చేసేది అంతకంటే కష్టం.

భీమిలితీరం
ఆర్టీసీ డ్రైవర్ల మీద నాకూ గౌరవం ఉంది. కాని 2023 ఖతర్ రేసు ఒకసారి చూడండి. రాత్రి పూట నడిపినా ఆ వేడికి ఓకాన్ అనే డ్రైవరు హెల్మెట్‌లోనే వాంతి చేసుకుంటూ రేసు పూర్తి చేశాడు, లోగన్ సార్జెంట్ ఒంట్లో నీరు ఇంకిపోయి మధ్యలోనే ఆగిపోయాడు, స్ట్రోల్‌కు వేగమైన మలుపుల్లో కళ్లు మసకబారాయి. బ్రేకు పెడల్ మీద ప్రతిసారీ వంద కిలోలకు పైగా బలం పెట్టాలి, మలుపుల్లో తల బరువు నాలుగైదు రెట్లు అవుతుంది. శరీర శ్రమ విషయంలో అనుమానం అక్కర్లేదు. ఈ చర్చ అసలు విషయం వనరులు.

కార్టుతండ్రి
వనరుల అసమానత ఫార్ములా వన్‌లో మొదలవుతుందని మీరంతా అనుకుంటున్నారు. అది ఎనిమిదేళ్ల వయసులో, పిల్లలు చిన్న రేసు బండ్లు నడిపే కార్టింగ్ ట్రాక్ పక్కన ఉన్న షెడ్డులోనే మొదలవుతుంది. మా అబ్బాయి కొన్ని సీజన్లు జాతీయ స్థాయిలో నడిపాడు, పోటీలకు చెన్నై, కోయంబత్తూరు తిరిగేవాళ్లం. వాడి విభాగంలో అందరికీ ఒకే కంపెనీ 125 సీసీ ఇంజిన్, సీలు వేసి ఇస్తారు, విప్పడానికి వీల్లేదు. కాగితం మీద ఇంతకంటే సమానత్వం ఉండదు. కాని సీలు వేసిన ఇంజిన్లన్నీ ఒక్కలా ఉండవు. డబ్బున్నవాళ్లు నాలుగైదు కొని, ఇంజిన్ బలం కొలిచే డైనోమీటర్ మీద పెట్టి చూసి, బలంగా ఉన్నదాన్ని ఉంచుకుని మిగతావి అమ్మేసేవారు. అలా అమ్మేసిన వాటిలో ఒకటి నేను కొన్నాను. ఇక ఊహించుకోండి.

టైర్ల సంగతి ఇంకా ఘోరం. కొత్త టైరు పట్టు మొదటి కొన్ని ల్యాపుల్లోనే శిఖరానికి చేరి, వేడెక్కి చల్లారిన ప్రతిసారీ తగ్గుతూ పోతుంది. రేసుకు అందరూ కొత్తవే వేస్తారు, కాని సాధనకు కూడా కొత్తవి వేసుకునే పిల్లవాడికి, రేసు రోజున కారు ఎక్కడ జారుతుందో ముందే తెలిసి ఉంటుంది. మావాడు పాత టైర్ల మీద సాధన చేసి, రేసులో కొత్త టైర్ల పట్టును మొదటిసారి చూసేవాడు. ఒక పెద్ద జట్టు మేనేజరు మా అబ్బాయిని మెచ్చుకుని, సీటు ఉందని, ఇంత సొమ్ము తెస్తే ఇస్తామని అన్నాడు. ఆ అంకెకు మా ఊళ్లో ఇల్లు వస్తుంది. వాడు ఇప్పుడు మెకానికల్ ఇంజినీరింగ్ చదువుతున్నాడు, బాగానే ఉన్నాడు. ఫార్ములా వన్‌ డ్రైవర్ల మధ్య తేడా గురించి మీరు పోట్లాడుకోండి. అక్కడిదాకా రాకుండా ఆగిపోయినవాళ్లలో వెర్‌స్టాపెన్ కంటే వేగంగా నడపగలిగినవాడు ఉన్నాడో లేడో ఏ పట్టికా చెప్పదు.

కోవైరోడ్
కార్టుతండ్రి గారు చెప్పిన చోటే ఒక మనిషి మన దేశంలో పని చేశాడు. కోయంబత్తూరుకు చెందిన ఎస్. కరివర్ధన్ 1980ల చివర్లో మారుతీ 800 ఇంజిన్ పెట్టి, ఫార్ములా మారుతీ అనే చవకైన ఒంటిసీటు రేసు కారు తయారు చేశాడు. అంతకు ముందు ఫార్ములా కారు అంటే సంపన్నుల ఇళ్లలోని దిగుమతి సరుకు. నరైన్ తొలి రోజుల్లో నడిపింది కూడా ఫార్ములా మారుతీనే. కరివర్ధన్ 1995లో విమాన ప్రమాదంలో పోయారు. కరి మోటార్ స్పీడ్‌వేకు ఉన్నది ఆయన పేరే. సమానత్వాన్ని పై మెట్టు మీద ఖర్చు పరిమితులతో వెతకడం కంటే, కింది మెట్టు మీద చవక కారుతో వెతకడం మేలని ఆయనకు ముందే తెలుసు.

ట్యాంక్‌బండ్
2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ పక్కన జరిగిన విద్యుత్ కార్ల ‘ఫార్ములా-ఈ’ రేసును నేను స్టాండులో కూర్చుని చూశాను. అక్కడ ఛాసిస్ (కారు చట్రం) అందరిదీ ఒకటే, బ్యాటరీ ఒకటే. మోటారు, దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ మాత్రం ఎవరివి వాళ్లవి. చివరి ల్యాపుల్లో వెర్న్ దగ్గర మిగిలిన కరెంటు, వెనక తరుముతున్న కాసిడీ కంటే తక్కువ. అయినా సచివాలయం వైపు మలుపుల్లో దారి ఇవ్వకుండా, ఎక్కడ పెడల్ వదలాలో లెక్క చూసుకుంటూ, గీత దాకా నెట్టుకొచ్చాడు. పక్క సీటులోని పెద్దాయన శబ్దం లేదని గొణుగుతూనే ఉన్నాడు. నాకు మాత్రం అంతకంటే స్పష్టంగా డ్రైవరు చెయ్యి కనిపించిన రేసు మరొకటి లేదు.

లెక్కలపంతులు
కొల్లేటికొంగ గారికి ఒక ప్రతిపాదన. ఏడాదిలో డ్రైవర్లందరినీ లాటరీ తీసి, ప్రతి జట్టు కారులోనూ రెండేసి రేసులు నడిపిస్తే, తోలేవాడి టైటిల్ వేరే, ఆసామి టైటిల్ వేరే నిఖార్సుగా తేలిపోతాయి. ఒప్పుకుంటారా?

కొల్లేటికొంగ
ఆ రోజే నేను క్రీడ అని ఒప్పుకుంటాను. టిక్కెట్టు కూడా కొంటాను.

భీమిలితీరం
సీటు ఒక్కొక్కరి ఒంటికి అచ్చు పోసి చేస్తారు, పెడళ్లు కాలి పొడవుకు అమరుస్తారు. రసెల్ బూట్ల కథ పైనే చెప్పాను. అంతకంటే పెద్ద చిక్కు, ఈ వారం తమ కారులో కూర్చుని, వచ్చే వారం మెర్సిడెస్‌కు వెళ్లే డ్రైవరుకు ఫెరారీవాళ్లు స్టీరింగు మీది బొత్తాల గుట్టు ఎందుకు చెబుతారు? ఏ జట్టూ సంతకం పెట్టదు.

పిఠాపురంపిల్ల
చర్చ మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. మా అమ్మాయికి పదకొండేళ్లు, కార్టింగ్ అంటే ప్రాణం పెడుతోంది. కార్టుతండ్రి గారు రాసింది చదివాక భయం వేసింది. సొంత కార్టు కొనకుండా, పోటీ రుచి చూపించే మార్గం ఏమైనా ఉందా?

కార్టుతండ్రి
ఉందమ్మా. అద్దె కార్టులతో జరిగే పోటీల్లో ముందు చేర్పించండి. అక్కడ ఏ కార్టు ఎవరిదో చీటీ తీసి తేలుస్తారు, తేలికగా ఉన్న పిల్లలకు సీసం దిమ్మెలు కట్టి బరువు సమానం చేస్తారు, ఇంజిన్ కొనేవాడి ఆటలు సాగవు. ఒక ఏడాది అలా నడిపాక కూడా ఆసక్తి తగ్గకపోతే అప్పుడు మిగతా సంగతి ఆలోచించండి. పక్కటెముకలకు రక్షణగా తొడిగే కవచం మాత్రం అద్దెది వద్దు, అమ్మాయి కొలతకు సరిపోయేది మీరే కొనండి.